నాన్న రాసిన వార్త, రాయని పేరు

ఈ వారం ఉత్తరం పెద్దది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

రాసినామెది కృష్ణా జిల్లా దివిసీమ. వయసు 38, విశాఖలో బ్యాంకు ఉద్యోగం. వాళ్ల నాన్నగారు 1982 నుంచి 2015 దాకా సొంత ప్రాంతంలోనే ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరిగా, పనిచేశారు. ఇప్పుడాయనకు 73. పార్కిన్సన్స్ వల్ల చేయి వణికి కలం పట్టలేరు గానీ జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. తాతగారు బందరు నుంచి వచ్చే కృష్ణాపత్రికను అరుగు మీద కూర్చుని చదువురాని వాళ్లకు చదివి వినిపించేవారట. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత శవాలను తీయడానికి వెళ్లిన కుర్రాళ్లలో నాన్నగారూ ఉన్నారు. అక్కడ చూసింది పత్రికకు ఉత్తరంగా రాస్తే అచ్చయింది. ఆయన రాతకు అదే మొదలు.

ఈమె నాన్న జీవితమూ తమ ఇంటి చరిత్రా కలిపి రాద్దామని కూర్చున్నారు. అటక మీద మూడు రేకు పెట్టెలు: కత్తిరింపులు, డైరీలు, ఫొటో నెగెటివ్‌లు. వాటిలో 2001 ఆగస్టు మొదటి వారం వార్త ఒకటి దొరికింది. ఆమెకు అది కొత్త కాదు. రేషన్ బియ్యం బస్తాలు రాత్రిపూట తరలిపోతుంటే రెవెన్యూ వాళ్లు పట్టుకున్నారు. ఆ డీలరు నాన్నగారి సొంత తమ్ముడు. నాన్నగారు తమ్ముడి పేరుతో సహా వార్త రాశారు. డీలర్‌షిప్ రద్దయింది, నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు పడింది. అన్నదమ్ములకు అప్పటినుంచి మాటల్లేవు. నాయనమ్మ పెద్దకర్మ రోజున కూడా ఒకే పందిట్లో ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఇంట్లో మాత్రం ఆ కథ గర్వంగానే చెప్పుకునేవారు, ‘తమ్ముడని కూడా చూడలేదు’ అని.

కొత్తగా కనబడింది ఆ తేదీకి డైరీలో ఉన్న ముక్క: ‘మిల్లు పేరు తీసేయమన్నారు. ఆగస్టు 15 యాడ్.’ అచ్చయిన వార్తలో ‘సమీపంలోని ఓ రైసు మిల్లుకు’ అని మాత్రమే ఉంది. పత్రికకు తెచ్చిన ప్రకటనలు రాసుకునే యాడ్ల పుస్తకంలో ఆ నెల ఒక మిల్లు పేరిట పావు పేజీ రాసి ఉంది.

డైరీ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నాన్నగారు ‘అంతా రాయమ్మా, ఏదీ దాచకు’ అంటున్నారు. అమ్మ వద్దంటున్నారు, మరీ రాస్తే ‘నాకు ఒంటి మీద గొలుసు మిగల్లేదని కూడా రాయి’ అంటున్నారు. అన్నయ్య ఈ పండక్కి పెట్టెలు పాతపేపర్ల వాడికి వేసేస్తానన్నాడు. ఎలా తెలిసిందో, బాబాయిగారి అబ్బాయి మెసేజ్ పెట్టాడు: తన చెల్లెలి సంబంధం ఖాయమయ్యే సమయం, బియ్యం కేసు మళ్లీ తోడితే కోర్టుకు వెళ్తానని. ‘రాయాలా, మానాలా? డైరీ గురించి నాన్నను అడగాలా? ఈ వయసులో ఆయన మనసు కష్టపెట్టి నేను సాధించేదేముంది? నేను చిన్నప్పటినుంచీ నమ్మింది అబద్ధమా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు పనులు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. కాగితాలు కాపాడటం ఒకటి, చరిత్ర రాయడం ఒకటి, నాన్నగారు మంచివారా కాదా అని తేల్చుకోవడం ఒకటి. మూడూ ఒకేసారి తేలాలనుకోవడం వల్లే మీకింత టెన్షన్. వీటిలో మొదటిది ఆగేది కాదు. రెండోదానికి తొందర లేదు. మూడోది తేల్చడం మీ బాధ్యత అవునో కాదో నాకే అనుమానం.

పెట్టెల సంగతి ముందు చూద్దాం. ‘ఇవన్నీ పత్రిక ఆఫీసులో ఉంటాయిగా’ అని అన్నయ్యగారు అనుకుంటూ ఉండవచ్చు. చాలామంది అలాగే అనుకుంటారు. పాత పత్రికలను దాచినవాళ్లు మనకు ఉన్నారు. వేటపాలెం సారస్వత నికేతనంలో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలు ఉన్నాయి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించింది. తాతగారు అరుగు మీద చదివిన కృష్ణాపత్రిక, ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945 దాకా నడిపిన ఆ పత్రిక, వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. మీ నాన్నగారి కాలం పరిస్థితి వేరు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి. మీ ఊరి చెరువు గట్టు తెగిన వార్త జిల్లా పేజీల్లో వస్తుంది, పక్క జిల్లా వాళ్లకు ఆ పేజీలే చేరవు. గ్రంథాలయాల్లో ఎక్కువగా దాచింది మెయిన్ ఎడిషన్‌నే. 1990 మే తుపాను తర్వాత మీ వైపు ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు కూలాయో, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992 తర్వాత మీ ఊళ్లకు ఎలా వచ్చిందో చెప్పే అచ్చుకాగితం మరెక్కడా లేక, మీ అటక మీదే ఉండి ఉండవచ్చు. ఈ మాట అన్నయ్యగారికి ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆయన కోపం కాగితాల మీద కాదని నా అంచనా. దాని గురించి తర్వాత మాట్లాడతాను.

పెట్టెలు మీ దగ్గరకు తెచ్చుకోండి. న్యూస్‌ప్రింట్ చవక కాగితం, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపెక్కి విరిగిపోతుంది. అలాగని లామినేషన్ చేయించవద్దు, ఒకసారి చేశాక మళ్లీ విడదీయలేం. చిరిగినచోట సెలోటేపు అంటించవద్దు, దాని జిగురే మరక అవుతుంది. ముందు ప్రతి కాగితానికీ పగటి వెలుతురులో ఫోన్‌తో నిటారుగా ఫొటో తీయండి. ఫొటో పేరులో తేదీ పెట్టండి. తరవాత తేమ తగలని చోట పరుచుకుని ఉండేలా అట్టపెట్టెల్లో పెట్టండి. నెగెటివ్‌లను స్టూడియోలో స్కాన్ చేయించండి. ఈ పనికి మీరు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఒక్క నాన్నగారిది తప్ప. అవి ఆయనవి. ఆయన ఎలాగూ సరే అంటున్నారు.

ఇక డైరీ. ‘మిల్లు పేరు తీసేయమన్నారు. ఆగస్టు 15 యాడ్.’ ఈ రెండు ముక్కలు చదివి మీరు ఒక పూర్తి కథ అల్లుకున్నారు: యాడ్ కోసం నాన్న పెద్దవాణ్ని వదిలేసి, పేరు తెచ్చుకోవడానికి తమ్ముణ్ని బలిపెట్టారని. అలా జరగలేదని నేను చెప్పలేను. కానీ ఆ ముక్కలు అంత చెప్పడం లేదు. తీసేయమన్నది ఎవరు? వార్తలు దిద్దే డెస్కా, జిల్లా విలేకరుల బ్యూరోనా, యాడ్స్ విభాగమా, మిల్లు యజమాని పంపిన పెద్దమనిషా? నాన్నగారు పేరు రాసి పంపితే అక్కడ కొట్టేశారా, లేక ఇక్కడే మానేశారా? ‘ఆగస్టు 15 యాడ్’ అన్నది ఆయన ఒప్పుకున్న కారణమా, ఆయనకు చెప్పిన కారణమా, లేక మనసులో రగిలి రాసుకున్న మాటా? కంట్రిబ్యూటర్లలో చాలామంది పంపిన వార్తకు కార్బన్ కాపీ ఉంచుకునేవారు. ఆ నెల కాగితాల్లో అది ఉందేమో చూడండి. ఆ తరవాత ఆరేడు నెలల కత్తిరింపుల్లో మిల్లుల మీద, లెవీ బియ్యం (అప్పట్లో మిల్లులు ప్రభుత్వానికి అమ్మాల్సిన వాటా) మీద ఏమైనా వచ్చిందేమో చూడండి. తోచినప్పుడు తోచినంత రాసుకోవడం ఆయన అలవాటైతే తరవాతి పేజీల్లో ఇంకో ముక్క ఉండవచ్చు.

యాడ్ అంటే ఆ రోజుల్లో ఏమిటో మీకు తెలుసు, మీరు ఆ ఇంట్లో పెరిగారు. అయినా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మీరు రాయబోయే చరిత్రలో సగం అదే. కంట్రిబ్యూటర్‌కు జీతం లేదు. నెలాఖరుకు అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, సెంటీమీటర్లు కూడి పంపితే లైన్ అకౌంట్, అంటే అచ్చయిన నిడివిని బట్టి ఇచ్చే డబ్బు, వస్తుంది. అది బస్సు ఛార్జీలకు, ఫొటో రీళ్లకు సరిపోతే గొప్ప. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లోనే వచ్చింది. పాలేకర్, బచావత్, మణిసానా, మజీఠియా అంటూ జీతాలు నిర్ణయించే వేతన సంఘాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పార్ట్‌టైమ్‌గా పనిచేసినా ప్రధాన వృత్తి అదే అయితే విలేకరి ఆ చట్టం లెక్కలోకి వచ్చేవాడు. కానీ ఊళ్లలో విలేకరుల దగ్గర ‘ఇది నా ఉద్యోగం కాదు, వ్యాపకం మాత్రమే’ అని ముందే సంతకం తీసుకోవడం మామూలు. ఆ సంతకం చేసినవాడికే జనవరి 26కు, ఉగాదికి, ఆగస్టు 15కు యాడ్ టార్గెట్. ఇచ్చేదెవరు? రైసు మిల్లు, ప్రైవేటు స్కూలు, సారా కాంట్రాక్టరు, సర్పంచి. అంటే ఎవరి మీద వార్త రాయాల్సి వస్తుందో వాళ్లే. పైగా యాడ్ అచ్చయ్యాక డబ్బు ఎగ్గొడితే అది విలేకరి ఖాతాలో బాకీ. అమ్మగారి గొలుసు సహకార బ్యాంకులో తాకట్టు పెట్టి తీర్చింది అలాంటి బాకీనే అని మీరే రాశారు.

ఇది నాన్నగారిని నిర్దోషిగా నిలబెట్టడానికి చెప్పడం లేదు. ఆ మిల్లు పేరు అచ్చు కాలేదు, బాబాయిగారి పేరు అయింది. ఆ తేడాకు బాబాయిగారి కుటుంబం మూల్యం చెల్లించింది. ఆ నిర్ణయంలో ఎంత నాన్నగారిది, ఎంత పైవాళ్లదన్నది ఆయన నోటి నుంచే రావాలి.

తమ్ముడి పేరు ఎందుకు రాశారన్నది మాత్రం నాకు అర్థమవుతూనే ఉంది. ఆ పేరు వదిలేస్తే మర్నాడు ఉదయం టీకొట్టు దగ్గర మొదటి మాట అదే అయ్యేది. ఆ తర్వాత ఆయన ఏ డీలరు మీద, ఏ కాంట్రాక్టరు మీద రాసినా ‘ముందు నీ తమ్ముడి సంగతి చూసుకో’ అనేవారు. చిన్న ఊళ్లో విలేకరికి బంధువు మీద వార్త తప్పించుకోలేని పరీక్ష. ఆయన దాన్ని ఎదుర్కొన్నారు. అది నిజం. అదే వార్తలో ఇంకో పేరు దగ్గర ఆగిపోయారు. అదీ నిజమే. మొదటిది మీరు చిన్నప్పటినుంచీ విన్నారు, రెండోది ఇప్పుడు తెలిసింది. రెండోది తెలిసినంత మాత్రాన మొదటిది అబద్ధం అయిపోదు.

మీరు గమనించని సంగతి ఒకటుంది. డైరీలో బయటపడింది పెద్ద రహస్యమని, అది తెలిస్తే బాబాయిగారు ఏమైపోతారో అని మీరు భయపడుతున్నారు. బస్తాలు ఎక్కించింది బాబాయిగారు. అవి ఏ మిల్లుకు వెళ్తున్నాయో ఆయనకు తెలియదా? ట్రాక్టరు తోలినవాడికి తెలియదా? ఆ వారం ఊళ్లో తెలియనివాళ్లు ఎవరు? పది రోజులు తిరక్కుండానే అదే మిల్లు స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలతో అదే పత్రికలో కనిపించింది. బాబాయిగారి కోపం ‘అన్న నా పేరు రాశాడు’ అని కాక ‘అన్న నా పేరొక్కటే రాశాడు’ అని అయి ఉండవచ్చు. ఇది నా ఊహే, కానీ మీరు ఒకసారి ఈ కోణంలో ఆలోచించండి. అమ్మగారికి కూడా తెలిసే ఉంటుంది, యాడ్ల లెక్కలు చూసిన మనిషి ఆవిడ. అందరికీ తెలిసి, ఎవరూ పలకని విషయం ఇది. తెలియనిది నెలాఖరు లెక్క కోసం ఆ వార్తను స్కేలుతో కొలిచిన తొమ్మిదో తరగతి పిల్లకు, అంటే అప్పటి మీకు, ఒక్కదానికే.

కాబట్టి నాన్నగారిని అడగాలా అంటే, అడగవచ్చు. ‘ఏదీ దాచకు’ అన్న మనిషి ఆ డైరీలు పెట్టెలో ఉన్నాయని మరిచిపోయి అన్నారనుకోను. కూతురు చదువుతుందని తెలిసే అని ఉండవచ్చు. తనంతట తాను చెప్పలేక, మీరు అడగాలని చూస్తున్నారేమో కూడా.

ఎలా అడుగుతారన్నది ముఖ్యం. డైరీ ముందు పెట్టి ‘ఇదేమిటి నాన్నా’ అంటే అది విచారణ అవుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు మందు పనిచేసే వేళ మాట కాస్త తేలిగ్గా వస్తుంది, ఆ వేళ చూసుకోండి. అన్నయ్య, వదిన, పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు వద్దు. మొదటి రోజు ఈ విషయం ఎత్తనే వద్దు. ఉప్పెన గురించి అడగండి. కవరు మీద ‘ప్రెస్ న్యూస్’ అని రాసి ఆర్టీసీ డ్రైవరు చేతికి ఇచ్చి, అది విజయవాడ చేరిందో లేదో తెలియక మర్నాటి పేపరు వచ్చేదాకా ఎదురుచూసిన రోజుల గురించి అడగండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, చేశానని చెప్పి, పక్కన పెట్టండి. ఈ జబ్బులో గొంతు కూడా రానురాను సన్నబడుతుంది. అందుకే ఇది వచ్చే ఏడాదికి వాయిదా వేసే పని కాదు. రెండు మూడుసార్లు కూర్చున్నాక 2001కి రండి. ‘బాబాయి వార్త రాసిన రోజు ఏం జరిగింది నాన్నా, మొదటినుంచీ చెప్పు’ అని అడిగి ఆగండి. ఆయనంతట ఆయనే మిల్లు దగ్గరకు వస్తే మంచిది. రాకపోతే అప్పుడు ‘డైరీలో ఒక మాట చూశాను’ అనండి.

ఆయన చెప్పేస్తే మీకు తేలిక. అది మీకు నచ్చే జవాబు కాకపోవచ్చు, దానికి సిద్ధపడే అడగండి. ‘గుర్తులేదు’ అంటే ఒత్తిడి చేయవద్దు, ఆ రోజుకు వదిలేయండి. కోప్పడితే, ‘నిన్ను తప్పు పట్టడానికి కాదు, తెలియకుండా రాయలేక అడిగాను’ అని ఒక్కసారి చెప్పండి. ఏడిస్తే పక్కన కూర్చోండి. ఆయన ఆరోగ్యం చూస్తే అడిగే పరిస్థితి లేదని మీకే అనిపిస్తే అడగకపోవడమూ తప్పు కాదు. అలాంటప్పుడు ఆ రెండు ముక్కలకు మీరు సొంత అర్థం కట్టి అచ్చువేయకూడదు. ‘డైరీలో ఇలా ఉంది, నేను అడగలేదు’ అని రాయవచ్చు, లేదా ఆ సంఘటననే వదిలేయవచ్చు. జవాబు చెప్పుకునే అవకాశం లేని మనిషి మీద అభియోగం రాయడం నాన్నగారే ఒప్పుకోని పని. ఎదుటివాళ్ల వివరణ తీసుకోవాలన్నది ఆయన వృత్తిలో మొదటి పాఠం.

ఇక రాయడం గురించి. మీరు ‘రాయాలా, మానాలా’ అని రెండే దారులు పెట్టుకున్నారు. ఇంకా ఉన్నాయి.

కుటుంబం కోసం మాత్రమే రాయవచ్చు. పేర్లు, బాకీలు, బియ్యం కేసు అన్నీ ఉన్నదున్నట్టు రాసి, కొన్ని కాపీలు తీసి, మీ పిల్లలకు, అన్నయ్య పిల్లలకు ఇవ్వడం. నిజం నిలుస్తుంది, ఊరికి ఎక్కదు. అయితే ఈ రోజుల్లో కాపీ చేయి దాటితే ఫోన్లో ఊరంతా తిరగడం క్షణం పని. కాబట్టి బాబాయిగారికి చూపించలేని వాక్యం అందులో కూడా ఉండకూడదు.

నాన్నగారి వార్తలను మాత్రమే ఎంపిక చేసి సంకలనంగా తేవచ్చు. ఉప్పెన నుంచి మొదలుపెట్టి తుపానులు, సారా ఉద్యమం, కాలువ చివరి భూములకు నీళ్లు రాని వేసవులు. దివిసీమకు అది పనికొచ్చే పుస్తకం, ఎవరితోనూ తగవు ఉండదు. నాన్నగారు కళ్లతో చూసుకునేలా తొందరగా తేగలిగిందీ ఇదే. కాకపోతే ఇందులో ఇల్లు ఉండదు. మీరు రాయాలనుకున్నది ఇంటి చరిత్ర కదా.

పూర్తి జీవితం రాసి ప్రచురించడం మూడో దారి. బరువు ఎక్కువ. ఇందులో చట్టం సంగతి తెలిసి ఉండాలి. నిజమైన విషయం ప్రజల మేలు కోసం చెబితే అది పరువునష్టం కిందికి రాదని చట్టంలో మినహాయింపు ఉంది. కానీ నిజమని చూపించాల్సింది మీరే. పత్రిక కత్తిరింపు ఒక్కటే చాలదు. డీలర్‌షిప్ రద్దు ఉత్తర్వు ఆర్డీవో కార్యాలయంలో, 6ఏ కేసు ఉత్తర్వు జాయింట్ కలెక్టర్ కార్యాలయంలో ఉండాలి, సమాచార హక్కు కింద అడగవచ్చు. ఆ కేసు చివరికి ఏమైందో మీ ఉత్తరంలో లేదు. కొట్టేశారా? జరిమానా పడిందా? బాబాయిగారు అప్పీలుకు వెళ్లారా? అది తెలియకుండా ఒక్క అక్షరం కూడా రాయవద్దు. పేరు పెట్టి వార్త రాసి, తర్వాత కేసు ఏమైందో రాయకపోవడం మన పత్రికల్లో పాత జబ్బు. మీ పుస్తకం ఆ పని చేయకూడదు. మిల్లు పేరు విషయంలో మీ దగ్గర ఉన్నది డైరీలో ఒక మాట, యాడ్ల పుస్తకంలో ఒక పద్దు. అంతకు మించిన ఆధారం దొరికితే తప్ప అది అచ్చులోకి రాకూడదు. డైరీల్లో ఇంకా ఎందరివో పేర్లు ఉంటాయి: రహస్యంగా సమాచారం ఇచ్చిన గుమాస్తాలు, అత్యాచార కేసుల్లో బాధితులు. ఏ దారిలో వెళ్లినా ఆ పేర్లు బయటికి రాకూడదు. బాధిత స్త్రీల పేర్లు బయటపెట్టడం నేరం కూడా. సమాచారం ఇచ్చినవాళ్లకు నాన్నగారు మాట ఇచ్చారు, ఆ మాట ఇప్పుడు మీ చేతికి వచ్చింది.

నాలుగో దారి, అన్నీ రికార్డు చేసి, రాసి, పక్కన పెట్టడం. పెద్దవాళ్లు వెళ్లిపోయాక చూసుకుందామని చాలామంది అనుకునేది ఇదే. తేలిగ్గా కనిపిస్తుంది. కానీ అప్పటికి బాబాయిగారి వైపు కథ చెప్పేవాళ్లు ఉండరు. మీ దగ్గర ఒక్క పక్షమే మిగులుతుంది, ఎంత నిజాయితీగా రాసినా అది ఒక పక్షమే. చనిపోయినవారి గురించి రాసినా కుటుంబ సభ్యులు పరువునష్టం కేసు వేయగల సందర్భాలు చట్టంలో ఉన్నాయి, అందువల్ల ఆగినంత మాత్రాన ఆ చిక్కూ పూర్తిగా పోదు.

నన్నడిగితే సంకలనం ముందు, కుటుంబ చరిత్ర దాని వెనక నిదానంగా. కానీ ఏ దారికైనా ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది అమ్మగారి దగ్గర కూర్చోవడం.

మీ ఉత్తరంలో నాన్నగారికి పేజీలు ఉన్నాయి, అమ్మగారికి అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం. ఆ వాక్యాలు చూడండి. నెలాఖరు రాత్రి మైదాపిండి ఉడికించి జిగురు చేసింది ఆవిడ. మీరు స్కేలుతో కొలుస్తుంటే, అన్నయ్య కూడిక వేస్తుంటే, కాగితాలకు అంటించి ఆరబెట్టింది ఆవిడ. నాన్నగారికి జ్వరమొస్తే వార్తల కవరు పట్టుకుని చీకట్లో బస్టాండుకు వెళ్లి ఆఖరి బస్సు డ్రైవరును బతిమాలింది ఆవిడ. ఎవరి మీదైనా వార్త పడ్డ రోజు వీధి గుమ్మంలో తిట్లు విన్నదీ ఆవిడే, నాన్నగారు అప్పటికి ఇంకో వార్తకు వెళ్లిపోయి ఉండేవారు. బాబాయి కుటుంబంతో తెగిపోయినప్పుడు తోడికోడలు దూరమైంది ఆవిడకు. ఆ పత్రికలో ఒక్క రోజు కూడా పేరు లేకుండా ముప్ఫై మూడేళ్లు పనిచేసిన మనిషి ఆవిడ.

‘గొలుసు మిగల్లేదని రాయి’ అన్న మాట మీకు ఎత్తిపొడుపులా వినిపించింది. నాకు అది అభ్యర్థనగా వినిపిస్తోంది. ఆవిడ వద్దంటున్నది ఈ చరిత్రను కాదు, తాను లేని చరిత్రను. ‘నాన్న గురించి రాస్తున్నా, నీకు తెలిసింది చెప్పు’ అని అడగవద్దు. ‘అమ్మా, నీ గురించి చెప్పు’ అని అడగండి. ఏ నగ ఎప్పుడు ఏ బ్యాంకులో పెట్టారు, ఏది విడిపించారు, ఏది వేలానికి పోయింది, ఇవన్నీ ఆవిడకు తేదీలతో సహా గుర్తుంటాయి. తాకట్టు రసీదులు ఏ డబ్బాలోనో ఉండే ఉంటాయి. అవి కూడా ఆ రేకు పెట్టెల్లో కాగితాలంత విలువైనవే. అన్నయ్యగారి కోపం కూడా ఇక్కడిదే అనుకుంటున్నాను. ఆయన ఇంజనీరింగ్ సీటు ఫీజు కట్టలేక వదులుకున్నారని మీరు ఒక వాక్యంలో రాసి దాటేశారు. ఆ పెట్టెలు ఆయన కళ్లకు ఆ ఫీజులా కనిపిస్తాయి. ఆయన చెప్పేదీ రికార్డు చేయండి, ఆయనకు కోపం వచ్చినా సరే. నాన్నగారి గురించి చేదుగా మాట్లాడే గొంతు ఆ పుస్తకంలో ఉంటేనే మెచ్చుకునే గొంతును కూడా చదివేవాళ్లు నమ్ముతారు.

బాబాయిగారి దగ్గరకు వెళ్లే విషయం. నాన్నగారితో, అమ్మగారితో మాటలు అయ్యాకే వెళ్లండి, ముందు కాదు. వెళ్లేటప్పుడు రాతప్రతి పట్టుకెళ్లి ‘అభ్యంతరం ఉందా’ అని అడగడానికి కాదు, ఆయన కథ వినడానికి. అన్న కూతురిగా వెళ్లండి, పిన్నికి ఇష్టమైనది ఏదైనా చేత్తో పట్టుకెళ్లండి. రికార్డర్ తీయకండి. ఆయన తలుపు వేయవచ్చు, అప్పుడు తిరిగి రండి, వచ్చానని వాళ్లకు తెలిస్తే చాలు. మాట్లాడితే అడ్డు చెప్పకుండా వినండి. నాన్న తరఫున క్షమాపణ మీరు చెప్పవద్దు, అది ఆయన చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. అన్నదమ్ములను కలపాలన్న ఆశ మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ కనబడుతోంది. ఆశ ఉండటం తప్పు కాదు, కానీ పుస్తకాన్ని దానికి సాధనం చేయకండి. కలిస్తే సంతోషం. కలవకపోయినా మీరు విన్నది విన్నట్టు రాసుకోండి. బాబాయిగారు ఏదైనా కోరితే మన్నించడమా లేదా అన్నది తర్వాత మీరే నిర్ణయించుకోవాలి. వినడమంటే అనుమతి తీసుకోవడం కాదు. కానీ వినకుండా రాస్తే 2001లో జరిగిందే మళ్లీ జరుగుతుంది.

బాబాయిగారి అబ్బాయి మెసేజ్‌కు మీరు ఇంకా జవాబివ్వలేదన్నారు. ఈ వారమే ఇవ్వండి. మీ మౌనాన్ని అతను బెదిరింపుగా తీసుకుంటాడు. పెళ్లి సంబంధం మాట్లాడుకునే వేళ అతని భయం నిజమైనదే, ఆ అమ్మాయి ఈ కేసప్పుడు చిన్నపిల్ల, ఆమెకు దీనితో ఏ సంబంధమూ లేదు. లాయరు భాష వాడకుండా, ‘చెల్లి పెళ్లి అయ్యేదాకా ఆ కేసు గురించి నేను ఏదీ అచ్చువేయను, ఎవరికీ చూపించను. ఆ తర్వాత రాయాలనుకుంటే ముందు బాబాయి దగ్గరకు వస్తాను’ అని మీ మాటల్లో రాయండి. అంతకు మించి ఏ హామీ ఇవ్వవద్దు, ఎప్పటికీ రాయనని మాత్రం అసలే అనవద్దు. అతను ఫోన్ చేస్తే ఎత్తండి.